కాదనలేని పాలకమండలి: వ్యసనవిముక్తి సంస్థల నాయకత్వంపై ఒక విమర్శ

లాభాపేక్షలేని సంస్థలో పాలకమండలి చేయవలసిన పనుల గురించి ఈ బ్లాకులోని గత యూనిట్లలో చదివారు. సంస్థ లక్ష్యాలను నిర్ణయించడం, డైరెక్టరును నియమించడం, బడ్జెట్‌ను ఆమోదించడం, ఆడిట్ నివేదికను పరిశీలించడం, చట్టం అడిగిన పత్రాలను సకాలంలో దాఖలు చేయడం: ఈ జాబితా దాదాపు అన్ని పాఠ్యగ్రంథాల్లోనూ ఒకేలా ఉంటుంది. గ్రంథాలయానికైనా, అనాథాశ్రమానికైనా, వృద్ధాశ్రమానికైనా ఇదే జాబితా. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్స చేసే సంస్థలకు దీన్ని అన్వయించినప్పుడు మాత్రం ఒక ముఖ్యమైన విషయం అందులోంచి జారిపోతుంది. ఆ సంస్థల్లో పాలకమండలి సమావేశానికి వచ్చి కూర్చునేవారిలో చాలామంది ఆ సంస్థ వల్లే బతికి బట్టకట్టినవారు. కొందరు తామే వ్యసనం నుంచి బయటపడినవారు. మరికొందరు అలా బయటపడినవారి భార్యలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు. తమ ఇంటిని నిలబెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఒక ప్రతిపాదన పెడితే, దాన్ని కాదనడం వారికి ఎంతవరకు సాధ్యం?

ఈ ప్రశ్నను రెండు అమెరికన్ సంస్థల చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం. మొదటిది సినానన్. రెండవది ఆల్కహాలిక్స్ అనానిమస్; దీన్ని అందరూ ఏ.ఏ. అంటారు. సినానన్‌ను స్థాపించిన వ్యక్తి ఏ.ఏ.లోనే తాగుడు మానాడు. అంటే రెండూ ఒకే చెట్టు కొమ్మలు. ఒకటి ముప్పై మూడేళ్లలో కూలిపోయింది, రెండవది ఇప్పటికీ నడుస్తోంది. ఈ తేడాకు కారణాలు అనేకం. పాలకమండలి నిర్మాణం అందులో ఎంత భాగమో తేల్చుకోవడమే ఇక్కడ మన పని.

కోలుకున్నవారి అధికారం

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. వ్యసనం నుంచి కోలుకున్నవారు పాలకమండలిలో ఉండటం లోపం కాదు, ఈ రంగానికి అదే బలం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తాగుబోతును ఆసుపత్రులు చేర్చుకోవడానికి ఇష్టపడేవి కావు. చేర్చుకున్నా నాలుగు రోజులు మత్తు దించి పంపేవి. వైద్యులు చేతులెత్తేసిన చోట, ఒక తాగుబోతు ఇంకో తాగుబోతు పక్కన కూర్చుని మాట్లాడితే ఫలితం ఉంటుందని 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కనుగొన్నారు. విల్సన్ న్యూయార్క్ షేర్ల వ్యాపారి, స్మిత్ శస్త్రచికిత్స వైద్యుడు. ఇద్దరూ తాగుడు వల్ల వృత్తిని దాదాపు పోగొట్టుకున్నవారే. అనుభవించినవాడికే తెలుస్తుంది అన్న నమ్మకం మీద ఈ రంగం మొత్తం నిలబడి ఉంది.

ఆ నమ్మకం చికిత్స గదిలో ఎంత మేలు చేస్తుందో, పాలకమండలి గదిలో అంత చిక్కు తెస్తుంది. చికిత్స గదిలో కోలుకుంటున్న మనిషికి మనం నేర్పేది ఏమిటి? నీ తెలివి నిన్ను మోసం చేసింది, నీ వాదనలు పక్కన పెట్టు, ముందు నడిచినవాడి మాట విను అని. తాగుడు మానడానికి ఇది అవసరమే కావచ్చు. అదే మనిషి అయిదేళ్ల తర్వాత పాలకమండలి సభ్యుడైతే, మనం అడిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం: సొంత బుద్ధితో ఆలోచించు, లెక్క అడుగు, పెద్దవాడు చెప్పినా నచ్చకపోతే వ్యతిరేకంగా ఓటు వెయ్యి అని. ఒకే మనిషిలో ఈ రెండు శిక్షణలూ ఇమడటం కష్టం. పాలకమండలి విధుల జాబితాలో దీని ఊసే ఉండదు. జాబితా రాసినవారి ఊహలో సభ్యుడంటే బయటి నుంచి వచ్చి, సంస్థకు ఏమీ బాకీ లేని పెద్దమనిషి.

సినానన్: అడుగు అడుగునా అడగని ప్రశ్న

1958లో చార్ల్స్ డెడరిక్ కాలిఫోర్నియాలోని సాంటా మోనికా తీరంలో సినానన్‌ను ప్రారంభించాడు. చేతిలో ఉన్నది 33 డాలర్ల నిరుద్యోగ భృతి చెక్కు అని ఆ సంస్థ గర్వంగా చెప్పుకునేది. హెరాయిన్‌కు బానిసలైనవారు బాగుపడరని అందరూ తీర్మానించుకున్న కాలమది. డెడరిక్ వారిని ఒకే కప్పు కింద ఉంచి, వైద్యులూ మందులూ లేకుండా, 'గేమ్' అనే పద్ధతితో మత్తు మాన్పించాడు. గేమ్ అంటే కొందరు గుండ్రంగా కూర్చుని ఒకరి తప్పులను ఒకరు ముఖాన అడగడం, నిలదీయడం, తిట్టడం. ఆ వలయంలో ఎవరినైనా ఏమైనా అనవచ్చు, చెయ్యి మాత్రం చేసుకోకూడదు.

ఫలితాలు చూసి బయటి ప్రపంచం ముగ్ధమైపోయింది. 1962లో థామస్ డాడ్ అనే సెనేటర్ దాన్ని మెచ్చుకున్నాడు. పత్రికలు బొమ్మలతో వ్యాసాలు వేశాయి. 1965లో హాలీవుడ్ ఆ పేరుతోనే సినిమా తీసింది. సినిమా తారలూ వ్యాపారులూ విరాళాలిచ్చారు. మరోవైపు ఇరుగుపొరుగు మాత్రం మా వీధిలో ఈ మత్తుమనుషులు వద్దని గొడవ చేశారు. భూవినియోగ నిబంధనలను ఉల్లంఘించాడన్న కేసులో డెడరిక్ కొద్దికాలం జైలులో కూడా ఉన్నాడు. ఈ చిన్న ఘట్టాన్ని విమర్శకులు తేలికగా దాటిపోతారు. నా దృష్టిలో ఇది ముఖ్యమైనది. బయటివారు రాళ్లు వేసే సంస్థలో లోపలివారు ఒక్కటవుతారు. నాయకుణ్ణి ప్రశ్నించడం శత్రువుకు తోడ్పడటమే అనిపిస్తుంది. వ్యసనవిముక్తి కేంద్రాలకు ఏ దేశంలోనైనా ఈ వెలి తప్పదు. కాబట్టి వాటి పాలకమండళ్లు మిగతా సంస్థలకంటే తొందరగా తలుపులు మూసుకుంటాయి.

తర్వాత జరిగింది మెట్టు మెట్టుగా జరిగింది. మొదట కోలుకున్నవారు బయటికి వెళ్లి సొంత బతుకు బతకాలన్నది ఉద్దేశం. 1960ల చివరికి వచ్చేసరికి డెడరిక్ ఆ మాట వదిలేశాడు. బయటికి వెళితే మళ్లీ మత్తులో పడతారు, కాబట్టి జీవితాంతం ఇక్కడే ఉండాలన్నాడు. చికిత్స కేంద్రం కాలనీ అయింది. పెట్రోలు బంకులు, ప్రచార బహుమతి వస్తువుల వ్యాపారం వచ్చాయి. కోట్ల డాలర్ల ఆస్తులు పోగయ్యాయి. 1970ల మధ్యలో సంస్థ తనను తాను మతంగా ప్రకటించుకుంది. 1975లో స్త్రీలు కూడా గుండ్లు చేయించుకున్నారు. 1977లో పురుషులకు వేసెక్టమీలు, గర్భవతులకు గర్భస్రావాలు చేయించారు. డెడరిక్ తాను మాత్రం ఆపరేషన్ చేయించుకోలేదు. అదే ఏడాది భార్య మరణించాక అతను మరో పెళ్లి చేసుకున్నాడు, ఆపైన మిగతా దంపతులందరూ విడిపోయి కొత్త జంటలు కట్టాలని ఆదేశించాడు. ఆ కాలంలోనే సంస్థ అతనికి పదవీ విరమణకు ముందస్తు బోనస్ పేరుతో 5 లక్షల డాలర్లు ఇచ్చింది.

ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి అడగండి: పాలకమండలి ఎక్కడుంది? కాగితం మీద ఉంది. సినానన్ ఫౌండేషన్ చట్టప్రకారం నమోదైన లాభాపేక్షలేని కార్పొరేషన్. దానికి డైరెక్టర్లున్నారు, తీర్మానాలున్నాయి. కాని సంస్థ పై పదవుల్లో డెడరిక్ కూతురితో సహా అతని కుటుంబ సభ్యులున్నారు, మిగిలినవారు అతని చేతి కింద కోలుకుని అక్కడే తిని అక్కడే పడుకునే నివాసులు. బోనస్‌కు 'వద్దు' అని ఓటేసే సభ్యుడు ఆ రాత్రి ఏ మంచం మీద పడుకుంటాడు? రేపు గేమ్‌లో అతని మీద ఎంతమంది విరుచుకుపడతారు? పైగా బయటికి వెళితే మళ్లీ సూది పట్టి చస్తావని పదేళ్లుగా అతనికి చెప్పారు, అతనూ నమ్మాడు. అలాంటివాడికి ఓటు హక్కు ఉందనడం ఒక లాంఛనం.

1978 అక్టోబరు 10న పాల్ మొరాంట్జ్ అనే న్యాయవాది తన ఇంటి ఉత్తరాల పెట్టెలో చెయ్యి పెట్టాడు. సినానన్‌కు వ్యతిరేకంగా ఒక కేసు గెలిచి అతనికి మూడు వారాలే అయింది. పెట్టెలో తోక చివరి గిలక కోసేసిన ర్యాటిల్‌స్నేక్ ఉంది. గిలక లేదు కాబట్టి హెచ్చరించే చప్పుడు కూడా రాలేదు. పాము కాటేసింది, అతను బతికాడు. ఇద్దరు సినానన్ సభ్యులు అరెస్టయ్యారు. డిసెంబరులో అరిజోనాలో డెడరిక్‌ను పోలీసులు పట్టుకునేసరికి అతను తాగి ఉన్నాడు. 1980లో హత్యకు కుట్ర ఆరోపణను అతను ఎదుర్కోకుండా శిక్షకు ఒప్పుకున్నాడు. కోర్టు అతనికి ప్రొబేషన్ విధించి, సినానన్ నిర్వహణలో ఇక పాల్గొనకూడదని ఆదేశించింది. వ్యవస్థాపకుణ్ణి పక్కకు తప్పించే పని ఏనాడో పాలకమండలి చేయవలసింది. చివరికి న్యాయమూర్తి చేశాడు. పన్ను మినహాయింపు కూడా పోయింది. సంస్థ సాక్ష్యాలను నాశనం చేసిందని ఫెడరల్ కోర్టు 1984లో తేల్చింది. 1991లో సినానన్ మూతపడింది.

రెండు వివరణలు, రెండూ చాలవు

ఈ కథకు సాధారణంగా చెప్పే వివరణ ఒకటి: డెడరిక్ అధికారమదంతో మతి తప్పిన మనిషి. కావచ్చు. కాని ప్రతి సంస్థా ఏదో ఒకనాడు అలాంటి మనిషి చేతిలో పడవచ్చు. పాలకమండలి ఉండేది అందుకే. మనిషి చెడ్డవాడు అన్న వివరణ పాలకమండలిని విచారణ లేకుండా విడిచిపెట్టేస్తుంది.

రెండవ వివరణ చట్టం లోపం. కాలిఫోర్నియాలో 1980 నుంచి అమల్లోకి వచ్చిన లాభాపేక్షలేని సంస్థల చట్టం ప్రకారం, ప్రజాహిత సంస్థ పాలకమండలిలో స్వప్రయోజనం ఉన్నవారు 49 శాతానికి మించకూడదు. స్వప్రయోజనం ఉన్నవారంటే గత పన్నెండు నెలల్లో సంస్థ నుంచి జీతం లేదా పారితోషికం తీసుకున్నవారు, వారి దగ్గరి బంధువులు. 2004లో అదే రాష్ట్రం పెద్ద ధర్మసంస్థలకు ఆడిట్ కమిటీని తప్పనిసరి చేసింది. 2008 నుంచి అమెరికా ఆదాయపన్ను శాఖకు ఇచ్చే వార్షిక పత్రంలో మీ బోర్డులో స్వతంత్ర సభ్యులు ఎందరు అన్న ప్రశ్న కూడా చేరింది. ఇవన్నీ మంచివే. ఇవి ముందే ఉంటే డెడరిక్ కుటుంబం అంత సులువుగా పై పదవుల్లో కూర్చునేది కాదు.

కాని ఈ చట్టాల చూపు దేనిమీద ఉందో గమనించండి. అవి డబ్బును లెక్కపెడతాయి, రక్తసంబంధాన్ని లెక్కపెడతాయి. ప్రాణఋణాన్ని లెక్కపెట్టవు. జీతం తీసుకోకుండా, బంధుత్వం లేకుండా, పదేళ్ల కిందట ఆ కేంద్రంలో కోలుకున్న మనిషి చట్టం దృష్టిలో పూర్తి స్వతంత్రుడు. వ్యవస్థాపకుడు అర్ధరాత్రి ఫోన్ ఎత్తి తన కొడుకును బతికించాడని కన్నీళ్లతో చెప్పే తండ్రి కూడా స్వతంత్రుడే. సంస్థకు కంప్యూటర్లు అమ్మిన వ్యాపారి మాత్రం స్వప్రయోజనం ఉన్నవాడు. ఈ ముగ్గురిలో వ్యవస్థాపకుడి ప్రతిపాదనను కాదనగలిగేది ఎవరని అడిగితే, నేను కంప్యూటర్ల వ్యాపారి వైపే మొగ్గుతాను. ఈ కృతజ్ఞతను నేరంగా చూడనవసరం లేదు. కాని నియమాలు రాసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, కాగితం మీది స్వాతంత్ర్యం కాగితం మీదే ఉండిపోతుంది.

యాజమాన్య శాస్త్ర గ్రంథాల్లో ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు జాన్ కార్వర్‌ది. 1990లో వచ్చిన ఆయన పుస్తకం పాలకమండలికి ఒక స్పష్టమైన గీత గీసింది: సంస్థ ఎవరికి ఏ మేలు చేయాలో పాలకమండలి నిర్ణయించాలి, ఎలా చేయాలన్నది ముఖ్య నిర్వాహకుడికి వదిలేయాలి. చేయకూడని పద్ధతులేమిటో మాత్రం ముందే రాసి పెట్టాలి. రోజువారీ పనిలో వేలు పెట్టే సభ్యులతో విసిగిన సంస్థలకు ఇది చాలా ఉపకారం చేసింది. అయితే వ్యసన చికిత్సలో అసలు హాని జరిగేది ఆ 'ఎలా' లోనే. గేమ్ ఒక పద్ధతి. గుండు కొట్టించడం ఒక పద్ధతి. పారిపోకుండా గదికి తాళం వేయడం, ఇంటివారికి ఉత్తరం రాయనివ్వకపోవడం పద్ధతులే. చేయకూడనివి ముందే రాసిపెట్టమని కార్వర్ అన్నాడు కదా అని మీరు అడగవచ్చు. 1958లో ఎవరి ఊహకు వేసెక్టమీ వస్తుంది? రాయాలని తోచనిదే ఇక్కడ ప్రమాదం. పాలకమండలి సభ్యుడు కనీసం నెలకొకసారి వార్డులో నడవాలి, రోగులతో మాట్లాడాలి అన్న పాత పద్ధతిని మనం తొందరపడి జోక్యం కింద కొట్టిపారేశామని నా అనుమానం.

ఏ.ఏ.: వ్యవస్థాపకుణ్ణి కాదన్న సందర్భాలు

ఇప్పుడు రెండవ కొమ్మ. బిల్ విల్సన్ కూడా పెద్ద పెద్ద ఊహలున్న మనిషే. ఆసుపత్రుల గొలుసు కట్టాలి, జీతాలిచ్చి ప్రచారకులను పంపాలి, పుస్తకం అచ్చువేయాలి అని తొలి ఏళ్లలో కలలు కన్నాడు. డెడరిక్‌కూ అతనికీ స్వభావంలో ఉన్న తేడాకంటే, అతనికి 'కాదు' అన్నవారు ఉండటంలో ఉన్న తేడా పెద్దది.

మొదటి 'కాదు' అతని సొంత ఇంట్లోనే వచ్చింది. తనకు చికిత్స జరిగిన టౌన్స్ ఆసుపత్రి యజమాని విల్సన్‌ను జీతం మీద సలహాదారుగా చేరమన్నాడు. విల్సన్ అప్పటికి డబ్బు లేక నానా ఇబ్బందులు పడుతున్నాడు. సంతోషంగా వచ్చి తన గుంపుకు చెప్పాడు. మేము ఉచితంగా చేసే పనికి నువ్వు జీతం తీసుకుంటే ఈ బంధం తెగిపోతుందని వారు అన్నారు. అతను ఉద్యోగం వదులుకున్నాడు. ఈ గుంపులోనివారు కూడా అతని వల్ల బాగుపడినవారే అని గుర్తుంచుకోవాలి. కాబట్టి కృతజ్ఞులెవరూ ఎదురుచెప్పలేరని సూత్రీకరించడం తప్పవుతుంది. తేడా ఏమిటంటే, ఆ సభ్యులు సాయంత్రం సమావేశం ముగిశాక తమ ఇళ్లకు, తమ ఉద్యోగాలకు వెళ్లేవారు. విల్సన్ కప్పు కింద వారి కూడూ గూడూ ముడిపడి లేవు.

రెండవ 'కాదు' జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ నుంచి వచ్చింది. పెద్ద మొత్తం ఆశించి వెళితే, 1938లో ఆయన 5 వేల డాలర్లిచ్చి, ఇంతకుమించిన డబ్బు ఈ పనిని చెడగొడుతుందన్నాడు. విల్సన్ నిరాశపడ్డాడు. తర్వాత కాలంలో బయటి విరాళాలు తీసుకోకూడదన్న నియమం ఏ.ఏ. మూల సంప్రదాయాల్లో ఒకటైంది.

అదే 1938లో ఆల్కహాలిక్ ఫౌండేషన్ అనే ట్రస్టు ఏర్పడింది. అయిదుగురు ధర్మకర్తల్లో ముగ్గురు తాగుడు అలవాటు లేని బయటివారు, ఇద్దరు కోలుకున్నవారు. మళ్లీ తాగిన ధర్మకర్త వెంటనే తప్పుకోవాలన్నది నియమం. అరిజోనాలో తాగి దొరికిన డెడరిక్‌ను తలచుకుంటే ఈ ఒక్క నియమం విలువ తెలుస్తుంది. బయటివారికి ఆధిక్యం ఇవ్వడంలో ఒక అపనమ్మకం ఉందన్నదీ దాచనక్కర్లేదు. తాగుబోతుల చేతిలో డబ్బు పెడితే ఏమవుతుందో అన్న భయమది. కోలుకున్నవారికి అది అవమానమే. ఇప్పటికీ కొన్ని చోట్ల మాజీ వ్యసనపరుణ్ణి వేదిక మీద కూర్చోబెట్టి అనుభవం చెప్పించుకుంటారు, కోశాధికారి పదవికి మాత్రం పేరు ఎత్తరు. ఆ భయమే పాతుకుపోయిన రూపమిది.

ఆసక్తికరమైన ఘట్టం దీని తర్వాత ఉంది. 1940ల చివర్లో విల్సన్ సంస్థ అధికారాన్ని సభ్యుల ప్రతినిధుల సభకు అప్పగించాలన్నాడు. ధర్మకర్తలు ఒప్పుకోలేదు. అతను ఒత్తిడి తెచ్చిన తీరు వారికి మరీ నచ్చలేదు. సహవ్యవస్థాపకుడు డాక్టర్ బాబ్ 1950 నవంబరులో మరణించడానికి కొద్దికాలం ముందే తన సమ్మతి తెలిపాడు. మొదటి ప్రతినిధుల సభ 1951లో జరిగింది, 1955లో సెయింట్ లూయిస్ మహాసభలో అధికారం లాంఛనంగా దానికి బదిలీ అయింది. ధర్మకర్తల్లో కోలుకున్నవారికే ఆధిక్యం ఉండాలని విల్సన్ పట్టుబట్టిన విషయం ఇంకా ఆలస్యమైంది. సుమారు పదేళ్లు అతను అడుగుతూనే ఉన్నాడు, ప్రతినిధుల సభ కాదంటూనే ఉంది. చివరికి 1966లో 14 మంది కోలుకున్నవారు, 7 గురు బయటివారు అన్న లెక్క కుదిరింది. సంస్థను పుట్టించిన మనిషి, లక్షలమంది తమ ప్రాణదాతగా భావించే మనిషి, తాను న్యాయమనుకున్న ఒక మార్పు కోసం పదేళ్లు ఆగాడు. అతని వాదన సరైనదే అని నా అభిప్రాయం కూడా. అయినా ఆ పదేళ్ల ఆలస్యాన్ని నేను సంస్థ ఆరోగ్యానికి గుర్తుగానే తీసుకుంటాను.

ఏ.ఏ.ను ఆదర్శమూర్తిగా నిలబెట్టడం మాత్రం తొందరపాటు. దాని పాలకమండలి ఏ ఆసుపత్రినీ నడపదు. దాని కింద మంచాలు లేవు, రోగులు లేరు, పెద్ద ఆస్తులు లేవు. ప్రలోభం తక్కువున్న చోట నిగ్రహం తేలిక. పడకలున్న కేంద్రాన్ని నడిపే సంస్థ 14, 7 అన్న లెక్కను యథాతథంగా దించుకుంటే ఒరిగేది పెద్దగా ఉండదు. బయటివారైతే చాలు, కళ్లు తెరుచుకుని ఉంటారనుకోవడం కూడా పొరపాటే. సినానన్‌కు హారతి పట్టినవారిలో సెనేటరూ పత్రికలవారూ సినిమావారూ అందరూ బయటివారే కదా. వారు చూసింది బాగుపడినవారి ముఖాలను. అద్భుతాన్ని చూడటానికి వచ్చినవారికి అద్భుతమే కనిపిస్తుంది.

వెళ్లిపోయినవారి మాట

ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చదివితే, సభ్యుల సంఖ్యకంటే ముఖ్యమైన మరో విషయం బయటపడుతుంది. పాలకమండలికి సమాచారం ఎవరి నోటి నుంచి వస్తోంది? వ్యసనవిముక్తి కేంద్రం వార్షికోత్సవానికి వచ్చేది కోలుకున్నవారు. వేదికెక్కి మాట్లాడేది వారే. మధ్యలో పారిపోయినవారు, మళ్లీ తాగుడులో పడినవారు, అవమానం భరించలేక వెళ్లిపోయినవారు ఆ సభకు రారు. సినానన్‌లో వెళ్లిపోయినవారికి ఒక తిట్టుపేరు కూడా ఉండేది, వారితో మాట్లాడటం తప్పు. సంస్థ లోపాలన్నీ ఎవరికి తెలుసో వారి నోరు ఆ విధంగా మూసేశారు.

వారి మాట విన్నది పాలకమండలి కాదు, ఒక చిన్న వారపత్రిక. సినానన్ కాలనీ ఉన్న మారిన్ కౌంటీలో పాయింట్ రేస్ లైట్ అనే పత్రికను డేవిడ్ మిచెల్, కేథీ మిచెల్ దంపతులు నడిపేవారు. సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ ఆఫ్షే వారికి తోడయ్యాడు. వెళ్లిపోయినవారిని వెతికి, మాట్లాడించి, వారు అచ్చువేసిన కథనాలకు 1979లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ కథనాల్లోని సమాచారంలో చాలాభాగం పాలకమండలి కోరుకుంటే తెలుసుకోగలిగినదే. ఏ.ఏ. 1962లో ఆమోదించిన పాలనా సూత్రాల్లో అల్పసంఖ్యాకుల అభిప్రాయాన్ని, వ్యక్తిగత ఫిర్యాదును తప్పనిసరిగా వినాలన్న సూత్రం ఒకటుంది. ప్రజాస్వామ్య మర్యాద కోసం పెట్టినట్లు కనిపించే ఆ సూత్రం నిజానికి సంస్థకు కళ్లూ చెవులూ లాంటిది.

అమెరికాలో జరిగిన ఈ కథతో మన రాష్ట్రాల్లో చదువుకునేవారికి సంబంధం లేకపోలేదు. ఏ.ఏ. సమావేశాలు మన నగరాల్లోనూ జరుగుతున్నాయి. కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాల్లో కోలుకున్నవారికి ఉద్యోగాలిచ్చే పద్ధతి ఉంది. 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఇంత కరువున్న చోట ఉన్న ఒక్క కేంద్రాన్ని ప్రశ్నించడానికి కుటుంబాలకు నోరు రాదు. ఈ కేంద్రాలను నడిపే సంస్థల్లో చాలావరకు సొసైటీలు. 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టవచ్చు. స్థాపించిన మనిషే కార్యదర్శి, అతని దగ్గర కోలుకున్నవారూ మిత్రులూ మిగతా ఆరుగురు అన్న అమరిక ఇక్కడ వింతేమీ కాదు. దరఖాస్తు ఫారం వారి పేర్లు, వృత్తులు, చిరునామాలు అడుగుతుంది. వారిలో ఎందరు ఆ కేంద్రంలో చికిత్స పొందారని గాని, చికిత్స మధ్యలో వెళ్లిపోయినవారితో కార్యవర్గం ఎన్నిసార్లు మాట్లాడిందని గాని అడగదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చి, చికిత్స పొందుతున్న వ్యక్తి ఫిర్యాదు చేసుకోవడానికి బయట ఒక సమీక్షా మండలిని ఏర్పాటు చేసింది. ఇది మంచి మార్పు. అయితే ఫిర్యాదు అక్కడిదాకా వెళ్లిందంటే, దానికి ముందు కార్యవర్గం దగ్గర ఆగిపోయిందన్నమాట.

ఈ యూనిట్‌తో పాటు చేయవలసిన క్షేత్ర అభ్యాసంలో మీకు దగ్గరలోని ఒక స్వచ్ఛంద సంస్థ కార్యవర్గ సమావేశాల మినిట్స్ పుస్తకాన్ని అనుమతి తీసుకుని చూడమన్నాం. హాజరు, కోరం, సంతకాలు సరిగా ఉన్నాయా అన్నది ఎలాగూ చూస్తారు. దానితో పాటు గత మూడేళ్లలో కార్యదర్శి పెట్టిన ప్రతిపాదన ఒక్కటైనా వాయిదా పడిందా, మార్పుతో ఆమోదమైందా, వీగిపోయిందా అన్నది కూడా లెక్కపెట్టి రాసుకోండి. అన్నీ ఏకగ్రీవమే అయితే, ఆ సభ్యులు ఒక్కొక్కరూ సంస్థలోకి ఎలా వచ్చారో అడిగి తెలుసుకుని, ఆ వివరాలను మీ నివేదికలో చేర్చండి.